అపార్ట్‌మెంటు, గల్లీల్లో జంతువుల పెంపకం: సంఘం నియమాల్లో ఏం రాయొచ్చు, ఏం రాయరాదు? (హన్మకొండ, వరంగల్, కాజీపేట)

సుబేదారి_సంఘం
అందరికీ నమస్తే. 48 ఫ్లాట్ల అపార్ట్‌మెంటు, దాని వెనక సొంత ఇండ్ల గల్లీ, రెండింటికీ ఒకటే సంఘం. వచ్చే సర్వసభ్య సమావేశానికి జంతువుల పెంపకం మీద నియమాల చిత్తు తయారైంది. ఓటుకు పెట్టే ముందు తెలిసినవాళ్ళు ఒకసారి చూసి తప్పులు చెప్పండి.

1. ఇక మీదట ఎవరూ కొత్తగా కుక్కను తెచ్చుకోవద్దు. ఉన్నవాళ్ళు నెలకు 500 రూపాయలు అదనంగా కట్టాలె.
2. కుక్కను లిఫ్టులో ఎక్కించొద్దు.
3. వీధి కుక్కలకు అన్నం పెడితే 1,000 జరిమానా. ఉన్న కుక్కలను బల్దియాకు చెప్పి ఊరవతల వదిలించాలె.
4. కోతుల బెడదకు కొండముచ్చును తిప్పే మనిషిని నెల జీతానికి మాట్లాడాలె.
5. కోళ్ళు, మేకలు, బర్రెలు పూర్తిగా బంద్.
6. చిలుకలు, తాబేళ్ళు, చేపలు ఎవరింట్ల వాళ్ళు పెంచుకోవచ్చు, అభ్యంతరం లేదు.

కోర్టురోడ్డు_వకీలు
ఈ చిత్తు ఇట్లనే పాసైతే మొదటి నోటీసు సంఘానికే వస్తుంది. మీరు వద్దన్న కుక్కను చట్టం వద్దనలేదు. మీరు సరేనన్న 4, 6లో కొండముచ్చు, చిలుక, తాబేలు అటవీశాఖ కేసులు. వాటి సంగతి తెలిసినవాళ్ళు చెప్తారు, నేను 1, 2 చూస్తాను.

భారత జంతు సంక్షేమ మండలి 2015 ఫిబ్రవరిలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, సభ్యులందరూ ఒక్కటై తీర్మానించినా పెంపుడు కుక్కను నిషేధించడానికి లేదు. పెద్ద జాతి అని, మొరుగుతుందని కారణం చూపి తీసేయమనరాదు. లిఫ్టు వాడొద్దనరాదు. రెండు లిఫ్టులు నడుస్తుంటే ఒకదాన్ని కుక్కలున్న వాళ్ళకు కేటాయించొచ్చు, అంతే. కుక్క ఉన్నందుకు వేరే రుసుము వసూలు చేయరాదు, కాబట్టి మీ 500 నిలబడదు. మూతికి మజిల్ తప్పనిసరి అని కూడా సంఘం పట్టుబట్టరాదు. ఉమ్మడి స్థలంలో బెల్టు కట్టి తీసుకురండి అని అడగొచ్చు. పార్కుకు వేళలు పెట్టొచ్చు.

ఆ కుక్క ఎవరినైనా కరిస్తే మాత్రం యజమాని తప్పించుకోలేడు. భారతీయ న్యాయ సంహిత 291 సెక్షన్ ప్రకారం, తన దగ్గరున్న జంతువు మనుషులకు అపాయం చేయకుండా తగిన జాగ్రత్త తీసుకోని వాడికి 6 నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఈ ఒక్క వాక్యాన్ని గేటు దగ్గర బోర్డు మీద రాస్తే మీ మొదటి రెండు నియమాల కన్నా ఎక్కువ పని చేస్తుంది.

వడ్డేపల్లి_వాకింగ్
వకీలు సార్, మెట్ల మీద కుక్క మలం సంగతేంది? దానికి జరిమానా వేయొచ్చా?

కోర్టురోడ్డు_వకీలు
సంఘం వేయరాదు, బల్దియా వేయొచ్చు. ఆ మార్గదర్శకాల్లోనే ఉంది: ఎత్తనందుకు సంఘం తన సొంత జరిమానా పెట్టలేదు, ఎత్తమని కోరొచ్చు. రోడ్డు మీద, మోరీలో చెత్త వేసిన వాళ్ళకు జరిమానా వేసే అధికారం మునిసిపాలిటీది. అందుకే నియమంలో "జరిమానా" అని రాయకండి. "ఫిర్యాదును శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కు రాతపూర్వకంగా పంపుతాం" అని రాయండి.

మామునూరు_పశువైద్యం
1వ నియమం స్థానంలో నమోదు పెట్టండి. ఏ ఫ్లాటులో ఏ కుక్క, టీకా ఎప్పుడు పడింది, ఈ రెండూ సంఘం దగ్గర ఉంటే సగం గొడవలు తగ్గుతాయి. రిజిస్టరులో రాయాల్సినవి: కుక్క ఫొటో, వయసు, కు.ని. ఆపరేషన్ అయిందా లేదా, చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్ ఉంటే దాని 15 అంకెల నంబరు, రేబిస్ టీకా తేదీ, తర్వాతి తేదీ. టీకా కార్డు మీద సీసా స్టికర్ అతికించి ఉండాలి. బ్యాచ్ నంబరు, గడువు తేదీ దాని మీదే ఉంటాయి. డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు లేని కార్డును కార్డుగా లెక్కపెట్టకండి. బల్దియాలో నమోదు చేయించాలన్నా ముందు చూసేది ఈ టీకా కార్డునే. మీ ఇల్లు కాశిబుగ్గ సర్కిలో కాజీపేట సర్కిలో చూసుకుని ఆ ఆఫీసులో అడగండి. ఆధార్, ఇంటి పన్ను రసీదు, కుక్క ఫొటో కూడా వెంట ఉంచుకుంటే మళ్ళీ తిరగాల్సిన పని ఉండదు.

టీకాల వరస: 6 నుంచి 8 వారాల వయసులో పార్వో, డిస్టెంపర్ (కుక్కలకు ప్రాణాంతకమైన వైరస్ జబ్బులు) రెంటికీ కలిపిన మొదటి టీకా. 3, 4 వారాలకు రెండోది. 12 వారాలు నిండాక రేబిస్, మరో 3, 4 వారాలకు దాని బూస్టర్, ఆ తర్వాత ఏటా ఒకటి. నట్టల మందు 3 నెలల వయసు దాకా రెండు వారాలకోసారి, 6 నెలల దాకా నెలకోసారి, తర్వాత 3 నెలలకోసారి.

టీకా వేసినా ఫలించకపోవడానికి పెద్ద కారణం చల్లదనం తప్పడం. మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. మే నెల ఎండలో మెడికల్ షాపులో కొని బండి డిక్కీలో వేసుకుని తెస్తే ఇంటికొచ్చేసరికి అందులో నీళ్ళకున్న విలువే మిగులుతుంది. ఐస్ ప్యాకులున్న డబ్బాలో తేవాలి, లేదంటే కుక్కనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఏటా జూలై 6న, జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు వచ్చే జబ్బుల) దినం నాడు, ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. మీ సంఘం ఆ తేదీని క్యాలెండరులో పెట్టుకుంటే చాలామందికి ఖర్చు తప్పుతుంది.

కాజీపేట_జంక్షన్
పిట్‌బుల్, రాట్‌వైలర్ లాంటివి కేంద్రం నిషేధించిందని వాట్సాప్‌లో తిరుగుతున్నది. అది నిజమేనా?

కోర్టురోడ్డు_వకీలు
2024 మార్చి 12న కేంద్రం 23 జాతుల మీద రాష్ట్రాలకు ఉత్తరం రాసిన మాట నిజం. దాన్ని కర్ణాటక హైకోర్టు ఆ ఏప్రిల్‌లోనే కొట్టేసింది. సంబంధిత వర్గాల మాట వినకుండా ఇచ్చారన్నది కారణం. ఆ ఉత్తరాన్ని చూపి మీ సంఘం ఎవరినీ ఖాళీ చేయించకండి. కొనేవాళ్ళకు పనికొచ్చే నిబంధనలు వేరే ఉన్నాయి: 2017 కుక్కల పెంపకం, అమ్మకం నియమాలు, 2018 పెట్ షాపు నియమాలు. పిల్లను 2 నెలలు నిండకుండా అమ్మరాదు. అమ్మేవాడు రిజిస్టరు అయి ఉండాలి. ఆ నంబరు అడగండి. చెప్పనివాడి దగ్గర కొనకండి.

వడ్డేపల్లి_వాకింగ్
3వ నియమం మీద మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరా? అసలు బాధంతా వీధి కుక్కలతోనే. 2023 మేలో కాజీపేట రైల్వే క్వార్టర్ల దగ్గర చిన్న పిల్లవాణ్ణి కుక్కలు చంపిన సంగతి ఈ ఊరు మరిచిపోలేదు. ఊరవతల వదిలించమంటే తప్పేంది?

మామునూరు_పశువైద్యం
ఆ బాధ న్యాయమైనదే. కానీ ఊరవతల వదిలితే ఆ బాధ తగ్గదు, పెరుగుతుంది. ఖాళీ అయిన గల్లీలోకి పక్క గల్లీ కుక్కలు వస్తాయి, వచ్చేవాటికి ఆపరేషన్ ఉండదు, టీకా ఉండదు, హద్దు కోసం కొట్లాడుకుంటాయి. కాట్లు ఎక్కువయ్యేది అప్పుడే.

2023 జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం వీధి కుక్కను పట్టి, ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, చెవి కొసన 'వి' ఆకారంలో కత్తిరించి, పట్టిన చోటే వదలాలి. 6 నెలల లోపు పిల్లలకు ఆపరేషన్ చేయరాదు. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా అదే పద్ధతి చెప్పింది. రేబిస్ ఉన్నవి, మీద పడి కరిచే స్వభావం ఉన్నవి మాత్రం తిరిగి వదలొద్దంది. అదే ఏడాది నవంబరు 7 ఉత్తర్వులో బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లో పట్టినవాటిని మళ్ళీ అక్కడే వదలొద్దని వేరుగా చెప్పింది. మీ గల్లీ పక్కన బడి ఉంటే ఆ ఉత్తర్వును ఫిర్యాదులో ప్రస్తావించండి.

సంఘం చేయాల్సిన పని లెక్క. రెండు రోజులు, పొద్దున 5 నుంచి 6 మధ్య, గల్లీ అంతా తిరిగి కుక్కలు లెక్కపెట్టండి. చెవి కోత ఉన్నవి, లేనివి, పాలిచ్చే తల్లులు, పిల్లలు వేర్వేరుగా రాయండి. "కుక్కలు ఎక్కువైనయ్" అని రాసిన కాగితం ఫైల్లోనే ఉంటుంది. "మా గల్లీలో 14 ఉన్నాయి, 9టికి చెవి కోత లేదు, ఉదయం ఫలానా చెత్త కుండీ దగ్గర దొరుకుతాయి" అని రాస్తే పట్టే బండికి అది దారి చూపిస్తుంది. ఆపరేషన్లు ఒక చోట పదింట ఏడు కుక్కలకు తక్కువ కాకుండా, తక్కువ కాలంలో అయిపోవాలి. నెలకు ఒకటి రెండు చొప్పున పడితే పుట్టేవి చేసినవాటిని దాటిపోతాయి.

కోర్టురోడ్డు_వకీలు
అన్నం పెట్టడం గురించి: జరిమానా తీసేయండి. 2023 నియమాల్లో 20వ నియమం ఆ ఏర్పాటు బాధ్యతను సంఘం మీదే పెట్టింది. చోటు, వేళ మీరే నిర్ణయించాలి. పిల్లలు ఆడే చోటు, గేటు, మెట్లు, వృద్ధులు నడిచే దారి వదిలిపెట్టాలి. 2025 ఆగస్టు ఉత్తర్వు కూడా వార్డుల వారీగా ప్రత్యేకమైన చోట్లు పెట్టమంది, రోడ్ల మీద ఎక్కడపడితే అక్కడ పెట్టొద్దంది. పెట్టేవాళ్ళు తిన్నాక విస్తరాకులు, కవర్లు ఎత్తాలని రాసుకోండి. అది న్యాయమైన షరతు. మందు పెట్టి చంపడం, కాళ్ళు విరగ్గొట్టడం లాంటివి ఎవరు చేసినా న్యాయ సంహిత 325 కింద 5 ఏళ్ళ దాకా శిక్ష ఉంది.

నయీంనగర్_నాలా
ఒక సంగతి కలపండి. చికెన్ షాపుల వ్యర్థాలు నాలా ఒడ్డున పోస్తున్నంత కాలం ఏ ఆపరేషన్లూ సరిపోవు. కుక్కలు గుంపు కట్టేది అక్కడనే. ఫిర్యాదు రాసేటప్పుడు షాపు పేరు కాదు, పోసే చోటు, వేళ రాయండి, ఫొటోలో తేదీ పడేట్టు తీయండి. సోమవారం ప్రజావాణిలో ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి.

కాజీపేట_జంక్షన్
కుక్క కరిస్తే ఏం చేయాలో కూడా గేటు దగ్గర బోర్డు మీద ఉండాలె కదా? పసుపు, సున్నం, కారం పెట్టేవాళ్ళు ఇంకా ఉన్నరు.

మామునూరు_పశువైద్యం
తప్పకుండా ఉండాలి. బోర్డు మీద ఇట్లా రాయండి:

"కరిచిన చోటును నల్లా కింద పెట్టి సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. గడియారం చూసి కడగాలి. పసుపు, సున్నం, కారం, ఆకు పసరు ఏదీ పెట్టొద్దు. కట్టు గట్టిగా కట్టొద్దు. అదే రోజు ఎంజీఎం ఆసుపత్రికి పోవాలి."

రక్తం వచ్చిన గాయానికి టీకాతో పాటు గాయంలోనే ఇమ్యునోగ్లోబ్యులిన్ (వెంటనే పనిచేసే తయారు యాంటీబాడీల మందు) ఇవ్వాలి. అది లేకుండా ఒట్టి టీకా సూదులతో పంపిస్తే మళ్ళీ అడగండి. టీకా చర్మంలోకి వేసే పద్ధతిలో 0 (మొదటి సూది రోజు), 3, 7, 28 రోజులు. కండరానికైతే మధ్యలో 14వ రోజు కూడా ఉంటుంది. మూడు సూదులయ్యాక నొప్పి లేదని చాలామంది ఆపేస్తారు. అదే ప్రాణం తీసే తప్పు, ఎందుకంటే రేబిస్ లక్షణం కనపడ్డాక మందు లేదు. కరిచింది టీకా పడ్డ పెంపుడు కుక్కే అయినా మొదలుపెట్టాల్సిందే. ఆ కుక్కను 10 రోజులు కట్టేసి చూడాలి, చంపొద్దు, తరిమేయొద్దు. పిల్లి కరిచినా ఇదే వరస.

అడవిబాట
ఇక 4, 6. ఇవి వెంటనే చిత్తులోంచి తీసేయండి.

కొండముచ్చు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రక్షిత జంతువు. దాన్ని పట్టడం, మెడకు తాడు కట్టి తిప్పడం నేరం. తిప్పే మనిషి మీదనే కాదు, డబ్బిచ్చి పెట్టుకున్నవాళ్ళ మీదా కేసు వస్తుంది. సంఘం ఖాతాలోంచి నెల జీతం పోతే సాక్ష్యం మీ పాసుబుక్కులోనే ఉంటుంది. పైగా రెండు వారాలకు కోతులు దానికి అలవాటు పడతాయి, తాడు అందే దూరం లెక్క తెలుసుకుంటాయి.

కోతులకు చేయగలిగింది: చెత్త డబ్బాలకు మూత, దాని మీద బరువు లేదా గడియ. నీళ్ళ ట్యాంకు మూతకు తాళం. సోలార్ హీటరు పైపులకు గట్టి కేసింగ్. బాల్కనీకి వల బదులు ఇనుప జాలి, కన్ను 2 అంగుళాలు దాటకుండా. వలను కొరికి తెంపుతాయి. మేడ మీద వడియాలు, పల్లీలు ఆరబోసినప్పుడు మనిషి ఉండాలి. పండ్లు పెట్టే అలవాటు గల్లీ మొత్తం ఒకేసారి మానాలి. ఒక్క ఇల్లు పెట్టినా మిగిలినవాళ్ళ కష్టం వృథా. పట్టించాలంటే బల్దియా, అటవీశాఖల ద్వారానే. నిర్మల్ దగ్గర గండిరామన్న హరితవనంలో కోతుల పునరావాస కేంద్రం 2020 డిసెంబరు నుంచి ఉంది, కు.ని. ఆపరేషన్లు అక్కడ చేస్తారు.

చిలుకల సంగతి. మన రామచిలుకను పంజరంలో పెట్టడం, కొనడం, అమ్మడం నేరం. జోస్యం చెప్పేవాళ్ళ దగ్గరున్నా నేరమే. 3 ఏళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. నక్షత్ర తాబేలు ఒకటో షెడ్యూలులో ఉంది, శిక్ష ఇంకా గట్టిది. "అదృష్టం" అని డబ్బాలో పెట్టి అమ్ముతారు, కొనొద్దు. లవ్ బర్డ్స్ అని పిలిచే చిన్న రంగు చిలుకలు, కాకటీల్ పక్షులు పెంచుకోవచ్చు. ఆఫ్రికన్ గ్రే, మకావ్, కాకటూ, బాల్ పైథాన్ లాంటి అంతర్జాతీయ ఒప్పందం కిందికి వచ్చే విదేశీ జీవులకు 2024 ఫిబ్రవరి నియమాల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ పరివేశ్ పోర్టల్‌లో నమోదు ఉండాలి, రుసుము 1,000 రూపాయలు. కొన్న బిల్లు లేకపోతే ఆ నమోదు దగ్గరే ఆగిపోతారు.

వడ్డేపల్లి_వాకింగ్
రామచిలుక ఇంట్లో ఏళ్ళుగా ఉంటే ఏం చేయాలె? తలుపు తీసి వదిలేస్తే సరిపోతుందా?

అడవిబాట
వదిలేయొద్దు. రెక్కలు కత్తిరించిన పక్షి, పంజరంలో పెరిగిన పక్షి ఒక్క పూటలో కాకులకో పిల్లులకో దొరికిపోతుంది. అటవీ రేంజి ఆఫీసుకు మీరే తీసుకెళ్ళి, స్వచ్ఛందంగా అప్పగిస్తున్నామని కాగితం రాసి, రసీదు తీసుకోండి. చెవి దగ్గర ఎర్ర పట్టీ ఉండే విదేశీ తాబేలు పెద్దదైందని భద్రకాళి చెరువులోనో వడ్డేపల్లి చెరువులోనో వదిలేవాళ్ళకు కూడా చెప్పండి: అది మన తాబేళ్ళ తిండిని, ఎండ కాచుకునే చోటును లాక్కుంటుంది. అక్వేరియం చేపల్లో పెద్దవాటికీ ఇదే మాట.

ఊక_బెడ్డు
5వ నియమంలో కోళ్ళను బర్రెలతో కలిపి బంద్ పెట్టుడు సరికాదు. సొంత ఇండ్ల గల్లీలో ఆరు నాటు కోడిపెట్టలుంటే ఎవరికీ నష్టం లేదు, పద్ధతిగ పెంచితే. వద్దనాల్సింది పుంజును. గుడ్డుకు పుంజు అక్కరలేదు, తెల్లారి నాలుగింటి గొడవంతా దాని గొంతుదే. "పెట్టలు 8 దాకా, పుంజు వద్దు, అపార్ట్‌మెంటు బాల్కనీల్లో వద్దు" అని రాసుకోండి.

గూట్లో పిట్టకు 2 చదరపు అడుగులు, బయట తిరగడానికి 8 నుంచి 10. కింద వరి ఊక 3 అంగుళాలు పోసి, వారానికోసారి తిరగెయ్యాలె, తడిసిన చోట తీసి పొడి సున్నం చల్లాలె. వాసన వచ్చేది రెట్టతో కాదు, తడితో. నీళ్ళ గిన్నె అంచు కోడి వీపు ఎత్తుల పెడితే ఊకల ఒలకదు. దాణా పెద్ద పెట్టకు రోజుకు 100 నుంచి 120 గ్రాములు. రాత్రికి గిన్నెల మిగిలితే ఎలుకలు వస్తయి, ఎలుకల వెంట పాములొస్తయి.

కొక్కెర తెగులుకు 5 నుంచి 7 రోజుల పిల్లకు లసోటా టీకా ఒక చుక్క కంట్లో, 8 వారాలకు ఆర్‌టూబీ టీకా రెక్క కింద అర మిల్లీ. చచ్చిన కోడిని మోరీల పడెయ్యొద్దు, లోతుగ గుంత తీసి సున్నం వేసి పూడ్చాలె.

మామునూరు_పశువైద్యం
ఊక బెడ్డు అన్న చెప్పింది సరిగ్గా ఉంది. ఒకటి కలుపుతాను: ఒకటి రెండు రోజుల్లో కోళ్ళు వరసగా చనిపోతే పూడ్చే ముందే పశువైద్యశాలకు చెప్పాలి. బర్డ్ ఫ్లూ తేలితే చుట్టూ కిలోమీటరు లోపల కోళ్ళన్నీ తీసేస్తారు, 10 కిలోమీటర్ల దాకా నిఘా పెడతారు. దాచిపెట్టిన ఒక ఇంటి వల్ల ఊరంతా నష్టపోతుంది.

దేశాయిపేట_పాడి
బర్రెల మీద నా మాట. అపార్ట్‌మెంటు గోడ పక్కన బర్రెలు వద్దనడం న్యాయమే. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పాడి షెడ్లకు ఇండ్ల నుంచి 200 మీటర్లు, బడులు, ఆసుపత్రుల నుంచి 500 మీటర్లు దూరం చెప్పింది. ఇప్పటికే గల్లీల ఉన్న పాత పాడి ఇండ్లకు మాత్రం ఒక్కసారే బంద్ అంటే బతుకుదెరువు పోతది. పెండ ఎటు పోతున్నదో అడగండి, అసలు లెక్క అదే. ఒక బర్రె రోజుకు 20 నుంచి 25 కిలోల పెండ వేస్తది. రెండు బర్రెలకు 50 కిలోల దాకా. పైపుతో కడిగి మోరీల వదిలితే అది కింద పేరుకుని గట్టిపడతది. వానకాలం నీళ్ళు ఇండ్లల్లకు వచ్చేది అట్లనే.

ఆ 50 కిలోలకు 2 ఘనమీటర్ల గోబర్ గ్యాస్ ప్లాంటు సరిపోతది. పెండకు సమానంగ నీళ్ళు కలపాలె. నీళ్ళు తక్కువైతే పైన గట్టి పొర కట్టి గ్యాస్ ఆగుతది, ఎక్కువైతే పెండ కుళ్ళకముందే బయటికొస్తది. చోటు లేనివాళ్ళు పొడిగ ఎత్తి రైతులకు ట్రాక్టరు లెక్కన ఇస్తరు. షెడ్డు బర్రెకు 4 చదరపు మీటర్లు, ఆరుబయట దానికి రెట్టింపు. రోడ్డు మీద వదిలిన పశువును బల్దియా పట్టుకపోతే బందెల దొడ్డి నుంచి విడిపించుకోవాలె. చెవికి 12 అంకెల ట్యాగు ఉంటే ఎవరిదో తేల్చుడు తేలిక.

సుబేదారి_సంఘం
దేశాయిపేట అన్నా, మేడారం జాతర ముందు సెల్లారుల మొక్కు యాటలు (మేకలు, గొర్రెలు) కట్టేస్తరు. ఏటేటా కాకున్నా రెండేండ్లకోసారి ఇదే పంచాయితి. దానికి ఏం రాయాలె?

దేశాయిపేట_పాడి
మొక్కు మొక్కినోళ్ళను వద్దనకండి, షరతు పెట్టండి. రెండు రాత్రులకు మించొద్దు. బండ్ల పొగ తగలని మూల, ఒక్కో యాటకు 10, 12 చదరపు అడుగులు, పండుకుని లేచేంత తాడు, బకెట్ల నీళ్ళు ఎప్పటికీ ఉండాలె. కింద గడ్డో ఊకో వేసి, పోయేనాడు వాళ్ళే ఊడ్చి పోవాలె. సెల్లారులో, మెట్ల దగ్గర కోయరాదు. రక్తం మోరీలకు పోతే వారం దాకా వాసన, ఈగలు. కొత్తగ కొన్న జీవాన్ని ఇంట్ల మేకలుంటే వాటితో కలపొద్దు, పీపీఆర్ (మేకలు, గొర్రెల వైరస్ జబ్బు) అంటుకుంటది.

కోర్టురోడ్డు_వకీలు
తాడు గురించి అన్న చెప్పింది చట్టంలోనూ ఉంది. 1960 జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్: మరీ పొట్టి గొలుసుతో, మరీ బరువు గొలుసుతో ఎక్కువసేపు కట్టేయడం, కట్టేసిన కుక్కను తిప్పకపోవడం, తిండి నీళ్ళు ఇవ్వకపోవడం, పెంచి వదిలేయడం, ఇవన్నీ నేరాలు. మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలే. 1960 నాటి అంకె అది, పెంచాల్సిన అవసరం ఎంతో ఉంది. ఇల్లు మారేటప్పుడు కుక్కను గల్లీలో వదిలిపోయేవాళ్ళు ఈ సెక్షన్ కిందికే వస్తారు, దీన్ని నియమాల్లో తప్పకుండా రాయండి.

సుబేదారి_సంఘం
అందరికీ ధన్యవాదాలు. మార్చిన చిత్తు:

1. కుక్క, పిల్లి ఉన్న ప్రతి ఇల్లు సంఘం రిజిస్టరులో నమోదు చేయించాలె. రేబిస్ టీకా కార్డు నకలు ఏటా ఇవ్వాలె. రుసుము లేదు.
2. మెట్లు, లిఫ్టు, సెల్లారులో కుక్కకు బెల్టు, తాడు పొడవు 4 అడుగులు. మలం ఎత్తాలని విజ్ఞప్తి. ఇల్లు మారితే జంతువును వదిలిపోరాదు.
3. వీధి కుక్కలకు తిండి: వెనక గేటు అవతల, పంపు రూము పక్కన, రాత్రి 10 తర్వాత. ఆపరేషన్ల కోసం కుక్కల లెక్కతో బల్దియాకు దరఖాస్తు.
4. కొండముచ్చు తీసేశాం. ట్యాంకు మూతలకు తాళాలు సంఘం ఖర్చు.
5. గల్లీ ఇండ్లలో పెట్టలు 8 దాకా, పుంజు వద్దు. కొత్తగా బర్రెలు వద్దు. ఉన్నవాళ్ళు పెండను మోరీలో వదలరాదు. జాతర యాటలకు రెండు రాత్రులు.
6. రామచిలుక, నక్షత్ర తాబేలు ఎవరింట్లో ఉన్నా అటవీశాఖకు అప్పగించడానికి సంఘం తోడొస్తుంది.

మామునూరు_పశువైద్యం
3లో వేళ మార్చండి. రాత్రి 10కి పెడితే తిన్నాక ఆ గుంపు సెకండ్ షో నుంచి, డ్యూటీ నుంచి వచ్చే బండ్ల వెంట పడుతుంది. పొద్దున 5 గంటలకు, రోజూ ఒకే మనిషి, ఒకే చోట పెడితే కుక్కలు ఆ మనిషికి అలవాటవుతాయి. ఆపరేషన్ బండి వచ్చిన రోజు పట్టడం కూడా తేలికవుతుంది.

సుబేదారి_సంఘం
మార్చినం సార్. పొద్దున 5.